సుట్టీలు చెడగొట్టుకోకండి: భివండి పద్మనగర్ పిల్లలకు చిట్కాలు

పరీక్షలయిపోయాయి. ఇక రెండు నెలలు మీవి. వాటిని ఎవరి చేతిలోనూ పెట్టకండి.

అడిగి తీసుకునేవాళ్లు తయారుగా ఉన్నారు. బెంగుళూరులో, మన్‌ఖుర్ద్‌లో, కొలాబాలో, హైదరాబాద్‌లో పెద్ద పెద్ద సంస్థలు మన పిల్లల ఎండాకాలం మీద కన్నేసి కూర్చున్నాయి. పిలుస్తారు, పడుకోవడానికి చోటిస్తారు, కొందరు నెలకింతని డబ్బు కూడా ఇస్తారు. ఇచ్చి పని చేయిస్తారు! ఈ సంగతి ముందే చెప్పేవాళ్లు లేక బంగారం లాంటి పిల్లలు చిక్కిపోతున్నారు. నేను పదిహేనేళ్లుగా వర్హాళ తలావ్ గట్టు మీద కూర్చొని మా గల్లీ పిల్లలకు జాగ్రత్తలు చెప్తున్నాను. నా మాట విన్నవాళ్లలో ఒక్కరు కూడా ఎండాకాలం భివండి దాటలేదు. దాటితే పెండ్లికే దాటారు. ఆ అనుభవమంతా ఇక్కడ పెడుతున్నాను. కాగితం జాగ్రత్తగా దాచుకోండి.

1. మే నెలలో అడగండి

ఎండాకాలం పని గురించి ఎండాకాలంలోనే అడగాలి. ఇది సూటి లెక్క, ఎవరూ తప్పుబట్టలేరు. అవతలివాళ్లు మాత్రం చలికాలానికే తలుపులు వేసేసుకుంటారు. సి.వి. రామన్ 1934లో బెంగుళూరులో పెట్టిన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ఉంది కదా, అది ఢిల్లీలోని ఐఎన్‌ఎస్‌ఏ, ప్రయాగ్‌రాజ్‌లోని ఎన్‌ఏఎస్‌ఐ అనే మరో రెండు సైన్స్ అకాడమీలతో కలిసి డిగ్రీ, ఇంజనీరింగ్ పిల్లలకు రెండు నెలల వేసవి ఫెలోషిప్ ఇస్తుంది. ఒక శాస్త్రవేత్త దగ్గర కూర్చోబెడతారు. దరఖాస్తు గడువు మామూలుగా నవంబర్‌తో సరి. మీరు మే 10న ఫోన్ తీసి వెతికారనుకోండి, "అయ్యో, అయిపోయిందా!" అనవచ్చు. ప్రయత్నం చేసిన పేరు వచ్చింది, పని తప్పింది. అమ్మకు కూడా జాలేస్తుంది, ఆ పూట కూరలో నూనె కాస్త ఎక్కువ పడుతుంది.

నవంబర్‌లోనే ఎవరైనా గుర్తుచేస్తే భయపడకండి. మన పండుగలు మనల్ని కాపాడతాయి. బతుకమ్మ, దసరా కాగానే అలసట. అలసట తీరేలోపు దీపావళి, కార్ఖానాలు బంద్, ఇంటినిండా చుట్టాలు. సంక్రాంతికి పతంగులు. మాఘంలో మార్కండేయ జయంతి. దాని వెనకే బోర్డు పరీక్షలు. ఏ తలుపు ఏ తారీఖున తెరిచినా మనకు ఒక పండుగ అడ్డంగా నిలబడి ఉంది. గోడ మీది క్యాలెండర్ దించండి, ఆఖరి తారీఖు పక్కన పండుగ పేరు రాసుకోండి. సగం పని అయిపోయింది.

2. తొమ్మిదో తరగతి దాటేదాకా ఇస్రో పేరెత్తకండి

ఇస్రో 2019 నుంచి యువిక అని ఒకటి పెట్టింది. తొమ్మిదో తరగతి పిల్లలకు రెండు వారాలు, వాళ్ల సొంత కేంద్రాల్లో. హైదరాబాద్ కేంద్రం కూడా ఉంది. ఎనిమిదో తరగతి మార్కులు, ఆన్‌లైన్ క్విజ్, సైన్స్ ఫెయిర్‌లో పాల్గొన్నది కూడా లెక్కలోకి తీసుకుంటారు. కాబట్టి సైన్స్ ఫెయిర్ రోజు కడుపునొప్పి తెచ్చుకోండి. పదో తరగతికి వచ్చాక మాత్రం నిశ్చింతగా అడగండి. వాళ్లే వద్దంటారు.

ఇన్‌స్పైర్ మానక్ అని ఇంకొకటి. ఆరో తరగతి నుంచే పిల్లల ఆలోచనలను బడివాళ్లు పంపవచ్చు, ఎంపికైతే పిల్లల ఖాతాలో 10,000 రూపాయలు పడతాయి. దీన్ని ఆపడం తేలిక. ఆలోచన చెప్పకండి.

3. బాపును అడగకండి

ఇది అన్నిటికంటే ముఖ్యం, నిదానంగా చదవండి.

"మా ఇంట్లో పంపరు" అనే మాట చాలా బలమైనది. కాలేజీలో ఏ సార్ దగ్గరా దీనికి జవాబు లేదు. కానీ ఈ మాట అడగకుండా అన్నంతకాలమే పనిచేస్తుంది. అడిగితే ప్రమాదం. పన్నెండు గంటలు సాంచాల, అంటే మరమగ్గాల, మధ్య నిలబడి వచ్చిన మనిషి, కాళ్లు చాపుకొని టీ తాగుతూ, "పో బిడ్డా, నేను చూడంది నువ్వన్న చూడు" అనేస్తాడు. నా కళ్లారా చూశాను. అన్న తర్వాత ఇక మీ దగ్గర ఏముంటుంది? టికెట్ డబ్బులు కూడా తానే తెస్తాడు, పగార్‌కు ముందే ముకాదం దగ్గర అడుక్కొని. ఆ నోట్లు చేతిలో పెట్టాక మీరు పడుకోగలరా?

చెల్లెళ్లకు ఇంకా గట్టిగా చెప్తున్నాను. మీ విషయంలో ఈ మాటను అందరూ అడక్కుండానే నమ్ముతారు. ఆ నమ్మకాన్ని వాడుకోండి. అవ్వను అస్సలు అడగకండి. అవ్వలు చాలా తొందరగా ఒప్పుకుంటారు, ఒప్పుకొని బాపును కూడా ఒప్పిస్తారు.

4. సార్‌కు మీ పేరు తెలియనివ్వకండి

పెద్ద దరఖాస్తుల్లో చాలావాటికి ఒక ఉత్తరం కావాలి. మీకు పాఠం చెప్పిన సార్ ఎవరైనా, ఈ పిల్లవాడు ఇలాంటివాడు, ఈ పని చేయగలడు అని రాయాలి. ఆ ఉత్తరం పుట్టకుండా చూసుకోవడం మీ చేతిలోనే ఉంది. మొదటి రోజు నుంచే మొదలుపెట్టండి. చివరి బెంచీలో, స్తంభం వెనక కూర్చోండి. ప్రాక్టికల్‌లో మీ రీడింగులు పక్కవాడి దగ్గర రాసుకోండి, వాడు మొన్నటి బ్యాచ్ దగ్గర రాసుకుంటాడు, ఇలా ఒకే లోలకం అయిదేళ్లు ఊగుతుంది. సందేహం వస్తే మింగండి.

ఇంత చేసినా తప్పక అడగాల్సివస్తే గడువు రోజు రాత్రి పదకొండుకు వాట్సాప్‌లో "గుడ్ ఈవెనింగ్ సార్" అని పెట్టండి. అంతే పెట్టండి. ఆయన తెల్లారి "ఎవరు?" అని అడిగేసరికి గడువు దాటిపోతుంది. ఆ తెర ఫోటో తీసి ఉంచుకోండి. జీవితాంతం పనికొస్తుంది: నేను అడిగాను, సార్ పట్టించుకోలేదు.

5. రైల్లో కిటికీ పక్కన కూర్చోకండి

మన భయం దూరం. ఆ భయాన్ని పోగొట్టుకోకండి. మన్‌ఖుర్ద్ ఎక్కడుందో తెలుసుకోవద్దు. అక్కడ హోమీ భాభా విజ్ఞాన విద్యా కేంద్రం ఉంది, కొలాబాలో ఉన్న పరిశోధన సంస్థ టీఐఎఫ్‌ఆర్‌వాళ్లది, 1974 నుంచి. దేశం తరఫున ఒలింపియాడ్‌లకు పోయే పిల్లలకు అక్కడే శిక్షణ. బీఎస్సీ పిల్లలకు నియస్ అని 2004 నుంచి శిబిరాలు నడుపుతున్నారు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ. ఠాణేలో ఎక్కి కుర్లాలో హార్బర్ లైన్‌కు మారితే చేరిపోతారు. పొద్దున పోయి రాత్రికి ఇంట్లో అన్నం తినవచ్చు. ఈ మాట ఎవరికీ చెప్పకండి. ఎవరైనా మన్‌ఖుర్ద్ అంటే "అమ్మో, ముంబై!" అనండి.

"మీ బాపు బట్ట అమ్మడానికి వారానికి రెండుసార్లు ముంబైల కాల్బాదేవి పోతడు గదా" అని ఎవరైనా అంటే, అది వ్యాపారం అనండి. సంభాషణ అక్కడితో ఆగిపోతుంది.

అసలు సెంట్రల్ లైనే మనకు గిట్టదు. ఘాట్‌కోపర్‌లో దిగితే బాంబే టెక్స్‌టైల్ రీసెర్చ్ అసోసియేషన్, 1954 నాటిది. పోగులు లాగి తెంచి ఎంత బలముందో కొలిచే యంత్రాలు అక్కడున్నాయి. మాటుంగాలో దిగితే వీజేటీఐ, 1887 నుంచి ఉన్న కాలేజీ, టెక్స్‌టైల్ ఇంజనీరింగ్ చెప్తారు. దాని దగ్గర్లోనే ఐసీటీ, 1933లో మొదలైంది, నూలు, రంగుల రసాయనం అంతా అక్కడే. అక్కణ్ణించి వర్లీ పోతే సాస్మీరా, 1950 నాటిది, కృత్రిమ పట్టు నూలు మీద పని. మనం పొద్దున లేచి రాత్రి పడుకునేదాకా చేసే పని గురించే ఇంతమంది ఒక్క లోకల్ టికెట్ దూరంలో కూర్చొని ఆలోచిస్తున్నారు. అందుకే చెప్తున్నా, డబ్బాలోకి ఎక్కగానే లోపలి వైపు నిలబడి ఫోన్ తీయండి. స్టేషన్ల పేర్లు కంటపడవు.

6. కార్ఖానాలో కళ్లు మూసుకోండి, చెవుల్లో దూది పెట్టుకోండి

బెంగుళూరు పిల్లవాడికి సెలవుల్లో పరిశోధన చేయాలంటే ప్రయోగశాల వెతుక్కోవాలి. మీకు ఆ అదృష్టం లేదు. మీ ఇంటి కిందే ఉంది. అన్నం పట్టుకొని కార్ఖానాకు పోయిన ప్రతిసారీ ఒక ప్రశ్న మీద పడే అవకాశం ఉంది, కాబట్టి జాగ్రత్తలు వివరంగా చెప్తాను.

మొదట చప్పుడు. మన ఫ్యాక్టరీ నియమాల ప్రకారం ఒక మనిషి రోజుకు ఎనిమిది గంటలు పనిచేస్తే శబ్దం 90 డెసిబెల్స్ దాటకూడదు. మన షిఫ్టు పన్నెండు గంటలు. ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ ఉచితంగా దొరుకుతుంది. వేయకండి. వేసి, సాంచా పక్కన ఒకసారి, గల్లీలో ఒకసారి, ఇంట్లో ఒకసారి కొలిచి, నోటుబుక్కులో మూడు వరుసలు రాస్తే చాలు, అది పరిశోధన అయి కూర్చుంటుంది. పైగా మీ కాక టీవీ అంత పెద్దగా ఎందుకు పెడతాడో, పిలిస్తే ఎందుకు పలకడో తెలిసిపోతుంది. తెలియకపోతే "కాకకు పొగరు" అనుకొని హాయిగా ఉండవచ్చు.

తర్వాత గంజి. నేసేముందు పడుగు పోగులు తెగకుండా సైజింగ్‌లో గంజి పట్టిస్తారు. బట్ట అయ్యాక రంగు వేసే చోట ఆ గంజిని కడిగేస్తారు. కడిగిన నీళ్లు ఎటో పోవాలి కదా. నీళ్లలో గంజి కుళ్లుతుంటే ఆ నీటిలోని ఆక్సిజన్ ఖర్చయిపోతుంది, చేపకు ఊపిరి ఆడదు. కామ్వారీ నది నీళ్లు ఒక సీసాలో పట్టి అయోడిన్ చుక్క వేస్తే, గంజి ఉంటే నీలంగా మారుతుంది. ఇది బడిలో బంగాళాదుంప మీద చేసిన ప్రయోగమే. ఇంట్లో దెబ్బలకు రాసే అయోడిన్ ఉంటే వెంటనే పారేయండి.

ఇక దారం. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ఎదురింటి పిల్లగాడు, బీఎస్సీ రెండో సంవత్సరం, కెమిస్ట్రీ. వాళ్ల బాపు పక్కన నిలబడి తెగిన పోగులకు ముడి వేస్తూ పెరిగాడు. ఒకరోజు నా దగ్గరకొచ్చి, "అన్నా, ఎండలు ముదిరితే కాటన్ దారం తెగుతది. వానలు పడితే రేయాన్ దారం తెగుతది. రెండూ దారమే గదా, గిట్లెందుకు?" అన్నాడు.

నా గుండె ఆగినంత పనైంది. ఎందుకంటే ఇది మామూలు ప్రశ్న కాదు. తేమ తగిలితే పత్తి పోగు బలం పెరుగుతుంది, రేయాన్ పోగు బలం తగ్గుతుంది. రెండూ సెల్యులోజే, లోపలి అమరిక వేరు. ఇంతవరకు పుస్తకాల్లో ఉంది. కానీ భివండి రేకుల షెడ్డులో, ఏ నెలలో ఎంత తేమ ఉంటే ఎన్ని పోగులు తెగుతున్నాయి, దాని వల్ల మీటరు లెక్కన కూలి తీసుకునే మనిషి పగార్‌లో ఎంత పోతోంది అన్నది ఎవరైనా నిలబడి లెక్కపెడితేనే తెలుస్తుంది. దానికి కావలసింది తేమ కొలిచే చిన్న గడియారం లాంటిది ఒకటి, ఒక నోటుబుక్కు, రెండు నెలలు. పిల్లగాడి దగ్గర మూడూ ఉన్నాయి! నేను వెంటనే వాడి భుజం మీద చెయ్యి వేసి, "దారమన్నంక తెగుతది తమ్మీ" అన్నాను. మీరు కూడా ఈ వాక్యం కంఠస్థం చేయండి. ఏ ప్రశ్నకైనా సరిపోతుంది. నీళ్లన్నంక కంపు కొడతయి. మిషన్ అన్నంక మోగుతది.

అయినా వాడు నాలుగు రోజులకు చింతకింది మల్లేశం పేరెత్తాడు. మన పద్మశాలీ పిల్లలకు ఈ పేరు ఒక గండం. ఆలేరు దగ్గర శారాజీపేట మనిషి. ఆరో తరగతితో బడి మానేశాడు. వాళ్ల అమ్మ లక్ష్మి చీరలకు ఆసు పోసి పోసి భుజం పట్టేసి ఏడ్చేది. ఒక్క చీరకు వేలసార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి. అందరి ఇళ్లల్లో అమ్మల భుజాలు నొప్పి పెట్టినవే, అందరూ జండూబామ్ రాసి ఊరుకున్నారు. ఈయన ఊరుకోలేదు. ఏళ్ల తరబడి అప్పులు చేసి, మాటలు పడి, 1999లో ఆసుయంత్రం నిలబెట్టి దానికి అమ్మ పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. నేను పిల్లగాడికి నెమ్మదిగా చెప్పాను: చూడు తమ్మీ, ఆ మనిషి చేసిన తప్పు ఒక్కటే, అమ్మ భుజం వైపు చూశాడు. నువ్వు చూడకు.

7. భాషను అడ్డం పెట్టుకోండి

పద్మనగర్ పిల్లలకు ఇంట్లో తెలుగు, కార్ఖానాలో హిందీ, ఆఫీసుల్లో మరాఠీ, పుస్తకంలో ఇంగ్లీషు. నాలుగూ వచ్చని ఒప్పుకున్నారో, ఎక్కడికైనా పంపేస్తారు. కాబట్టి మరాఠీ మేడం దగ్గర "మేం తెలుగు మీడియం" అనండి. తెలుగు సార్ దగ్గర "మరాఠీ మీడియం సార్" అనండి. ఇంగ్లీషు సార్ ఎదురైతే దగ్గండి.

8. ఫారం నింపక తప్పకపోతే ఇలా రాయండి

చాలా దరఖాస్తుల్లో ఒక ఖాళీ ఉంటుంది: మీరు ఏం చేయాలనుకుంటున్నారు, ఎందుకు, మీ మాటల్లో రాయండి అని. సొంత మాటలు రాయకండి. సొంత మాటలు గుర్తుండిపోతాయి. "చిన్నప్పటి నుండి నాకు సైన్స్ అంటే ప్రాణం" అని మొదలుపెట్టండి. న్యూటన్‌ను, ఆపిల్ పండును తీసుకురండి. మధ్యలో అబ్దుల్ కలాం గారు. చివర దేశసేవ. ఇది మా గల్లీలో తయారుగా ఉంది, వాట్సాప్ గ్రూపులో అడిగితే ఎవరైనా పంపుతారు, పేరు ఒక్కటి మార్చుకుంటే చాలు. ఒకసారి ముగ్గురు పేరు కూడా మార్చకుండా పంపారు, ఒకరి బాధ్యత ముగ్గురూ పంచుకున్నారు.

సాంచాల గురించి ఒక్క ముక్క రాయకండి. అవతల కూర్చున్నవాళ్లు రోజుకు వంద ఆపిల్ పండ్లు చదివి అలసిపోయి ఉంటారు. అందులో ఒకడు "మా షెడ్డులో వానాకాలం రేయాన్ పోగులు తెగుతాయి, నేను లెక్కపెట్టాను" అని రాస్తే కుర్చీలో నిటారుగా కూర్చుంటారు. మా ఎదురింటి పిల్లగాడు సరిగ్గా అదే రాశాడు. అర పేజీ. అక్షరదోషాలతో సహా. వాళ్ల కాలేజీ మేడం ఉత్తరం రాస్తానని కూడా ఒప్పుకుంది. నేను పరుగెత్తుకుంటూ పోయి, "గిదేం రాసినవ్ రా, కూలోళ్ల ముచ్చట! నవ్వుతరు" అని ఆ కాగితం తీసుకొని ఆపిల్ పండు కాగితం ఇచ్చాను. వాడు చాలాసేపు రెండు కాగితాలూ చూశాడు. తర్వాత నా మాటే విన్నాడు. పెద్దవాళ్ల మీద గౌరవం ఉన్న పిల్లగాడు.

9. సర్టిఫికెట్లు కొనండి

చేసినట్టు కనబడాలి కదా. దీనికి చేయాల్సిన పని లేదు. ఫోన్ తెరిస్తే నాలుగు వారాల ఇంటర్న్‌షిప్ ఇస్తామనేవాళ్లు కోకొల్లలు. డబ్బు కడితే బంగారు అంచు, గుండ్రటి ముద్ర, కింద అర్థం కాని సంతకం. ఒక బిర్యానీ ధర. ముద్ర ఎంత పెద్దగా ఉంటే అంత మంచిది.

డబ్బు కూడా పెట్టలేనివాళ్లకు స్వయం, ఎన్‌పీటీఈఎల్ ఉన్నాయి. ఐఐటీ సార్ల పాఠాలు, చేరడానికి పైసా అక్కర్లేదు, పరీక్షకే ఫీజు. అందుకని చేరండి. ఒక్కరోజే పదకొండింటిలో చేరండి. చేరినప్పుడు కలిగే తృప్తి పాఠం విన్నా కలగదు. మొదటి వీడియోలో సార్ బోర్డు వైపు తిరగగానే ఆపేయండి.

నా దగ్గర పద్నాలుగు సర్టిఫికెట్లున్నాయి, ప్లాస్టిక్ ఫైల్లో. ఒకసారి ఒక కంపెనీవాళ్లు ఇంటర్వ్యూలో అన్నీ తిరగేసి, అందులో మూడోది తీసి, "ఈ నాలుగు వారాలు ఏం చేశారో చెప్పండి" అన్నారు. కాగితం చేతిలో పెట్టుకొని మళ్లీ నోటితో చెప్పమనడం ఏం పద్ధతి? నాకు ఈరోజుకీ ఆ బాధ పోలేదు. ఫైలు మాత్రం చెక్కుచెదరలేదు. మీరు లామినేషన్ చేయించండి, వానకు తడవదు.

10. లెక్కలవాళ్లు జాగ్రత్త

ఎంటీటీఎస్ అని గణిత శిబిరం ఒకటుంది. దాన్ని ప్రొఫెసర్ ఎస్. కుమరేశన్ 1993లో మొదలుపెట్టారు, ఆయన తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పనిచేశారు. ఎండాకాలంలో నాలుగు వారాలు, తిండి, బస వాళ్లవే. వినడానికి బాగానే ఉంటుంది. అక్కడ పాఠం డిక్టేషన్ చెప్పరు. సార్ ఒక ప్రశ్న అడిగి చాక్‌పీస్ పట్టుకొని నిలబడతారు. మీరు చెప్పిందానికి ఎందుకు అంటారు. దానికి చెప్పిన జవాబుకూ ఎందుకు అంటారు. నాలుగు వారాల తర్వాత ఇంటికొచ్చిన పిల్లలు అన్నిటికీ ఎందుకు అనడం మొదలుపెడతారు. గైడులో ఉన్నది కూడా నమ్మరు. ఆ అలవాటు ఒకసారి పడితే మాన్పించడం నా వల్ల కూడా కాలేదు.

11. పొరపాటున ఎంపికైతే

ఇది జరగవచ్చు. ఆపిల్ పండు కాగితం పంపినా జరుగుతుంది, మేడం ఉత్తరం గట్టిగా రాసి ఉంటే. కంగారుపడకండి.

మొదట మెయిల్ తెరవకండి. వారంలోగా జవాబివ్వాలి అని ఉంటుంది, ఎనిమిదో రోజు తెరవండి. "భివండి, కరెంటు లేదు సార్" అని రాయండి. మన ఊరి కరెంటు గురించి బయటివాళ్లకున్న అభిప్రాయం మనందరి ఉమ్మడి ఆస్తి. 2007 జనవరిలో పంపిణీ టొరెంట్ చేతికి వెళ్లిన తర్వాత పాతకాలపు కోతలు తగ్గాయన్నది పుణేలో, బెంగుళూరులో ఎవరికి తెలుసు? తెలియనివ్వకండి.

అదీ కుదరకపోతే ఊరికి పొండి. రాత్రి కల్యాణ్‌లో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు నిజామాబాద్, అక్కణ్ణించి బస్సు. సిరిసిల్లలో మీకు తెలియని చుట్టం పెండ్లి కూడా మీదే. పెండ్లి ఒకరోజే కదా అంటారేమో. పదహారు రోజుల పండుగ ఉందనండి, ఆ తర్వాత పెద్దమ్మకు మనసు బాగాలేదనండి.

అన్నీ దాటి నిజంగానే ల్యాబ్‌లో దిగారనుకోండి, అప్పటికీ ఆశ వదులుకోకండి. ఏసీ కింద కూర్చోండి. గైడు చెప్పిన ప్రతిదానికీ "యెస్ సార్" అనండి, అర్థం కాలేదని మాత్రం ఎప్పుడూ అనకండి, అంటే కూర్చోబెట్టి చెప్తారు. రోజువారీ నోటుబుక్కు ఆఖరి రాత్రి, ఒకే పెన్నుతో, అరవై రోజులకూ కలిపి రాయండి. రిపోర్టు నెట్‌లోంచి దించుకోండి. అచ్చుగుద్దినట్టు ఉందని పట్టే సాఫ్ట్‌వేర్లు వచ్చాయంటారు. పట్టుకుంటే మంచిదే, మళ్లీ పిలవరు.

12. జూన్‌లో చెప్పాల్సినవి

కాలేజీ తెరిచిన రోజు ఎవరో ఒకరు అడుగుతారు, సుట్టీలల్ల ఏం చేసినవని. ముఖం కొంచెం దించి, "ట్రై చేసిన సార్, రాలేదు" అనండి. "రికమెండేషన్ ఉన్నోళ్లకే ఇస్తరు" అని పక్కవాడితో అనండి, సార్‌కు వినబడేట్టు. ఎవడైనా నిజంగా పోయొచ్చి అక్కడి ముచ్చట్లు మొదలుపెడితే గుంపుగా లేచిపోండి. వాడు రెండుసార్లు ఒంటరిగా నిలబడితే మూడోసారి చెప్పడు.

మా ఎదురింటి పిల్లగాడి సంగతి అడుగుతారని తెలుసు. వాడికి రాలేదు. మేడం రెండోసారి పిలిచి, వచ్చే ఏడు మళ్లీ వేద్దాం, ఈసారి నీ దారం సంగతే రాయి అందట. వాడు పోలేదు. మూడో సంవత్సరం మధ్యలో వాళ్ల బాపుకు చెవులు బొత్తిగా వినబడకుండా అయ్యాయి. జాబరు పిలిస్తే వినబడక ఒకరోజు సాంచాలో చెయ్యి పెట్టబోయి తప్పించుకున్నాడు. అప్పటి నుంచి పిల్లగాడే ఆ సాంచాల మీద నిలబడుతున్నాడు, రాత్రి షిఫ్టు. ఇంటికి దగ్గర, టికెట్ ఖర్చు లేదు, కుర్లాలో రైలు మారే బాధ లేదు.

మొన్న మొదటి వాన పడిన రాత్రి నేను టీ పట్టుకొని కార్ఖానాకు పోయాను. రేయాన్ భీము ఎక్కించారు. పోగు తెగుతోంది, సాంచా ఆగుతోంది, వాడు వంగి ముడి వేసి మళ్లీ నడుపుతున్నాడు. నేను నిలబడ్డ పది నిమిషాల్లో ఏడుసార్లు తెగింది. లెక్కపెట్టింది నేనే. వాడు తల ఎత్తలేదు. రెండు చెవుల్లో దూది ఉంది. గ్లాసు మిషన్ పక్కన పెట్టి, భుజం తట్టి, వచ్చేశాను.